సువార్త చేతులు

"ఇవాళైనా నోరు విప్పుతావా అమ్మాయ్? ఇంకా కోపమేనా?"

గోవిందాచారిగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రలో ఉన్నారేమో అనుకుని మెల్లిగా ఆయన భుజమ్మీద చెయ్యి వేసింది సువార్త. వేసిందో లేదో ఆయన ఈ మాట అన్నారు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. కోపమేంటి, నోరు విప్పకపోవడమేంటి? తను ఈ ఇంటి గడప తొక్కి ఇరవై రెండు రోజులైంది.

"నేను రాక మూడు వారాలు దాటింది కదా బాబాయిగారూ. ఈ వీధిలోంచి వెళ్తా ఒకసారి చూసిపోదామని ఆగాను."

ఆచారిగారు ఉలిక్కిపడ్డారు. చూపులేని కళ్లు అటూ ఇటూ తడుముకున్నాయి.

"రాకపోవడమేంటి? పొద్దున ఏడింటికి నన్ను పక్కకి తిప్పింది నువ్వు కాదూ? నిన్న ఒళ్లు తుడిచిందెవరు? ఆ మూడు వేళ్ల పట్టు నాకు తెలీదా?"

సువార్త గది మూలవైపు చూసింది. అక్కడ చేతుల బండి నిలబడి ఉంది. రబ్బరు చక్రాల మీద నడుమెత్తు స్తంభం, దానికి రెండు చేతులు, వాటికి మనిషి ఒంటి వేడి ఉండే మెత్తటి తోలు. ప్రభుత్వం వారు దానికి ఏదో సంస్కృతం పేరు పెట్టారు గానీ బందరులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పని లేని వేళ అది రెండు చేతులూ ముడుచుకుని, పెళ్లికి పిలవని చుట్టంలా మూలన నిలబడుతుంది. ఆ చేతుల్లో ఉన్న పట్టు మాత్రం సువార్తదే. చిన్నప్పుడు ఆమె కుడిచేతి ఉంగరపు వేలు విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని మనిషి భుజాన్ని మిగతా మూడు వేళ్లతో పట్టి ఎత్తడం అలవాటైంది. ఆ వంకర కూడా యంత్రం నేర్చేసుకుంది.

"అది బండి బాబాయిగారూ. నేను కాదు."

ఆయన కుడిచేత్తో దుప్పటి అంచు తడుముకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "అయితే ఇన్నాళ్లూ నేను తప్పయిపోయిందని ఎవరితో చెప్పుకున్నట్టు?"

సువార్త చివరిసారి వచ్చిన రోజున, రేపట్నించి తనని వేరే వార్డుకి వేశారని చెబితే ఆయనకి ఉక్రోషం ఆగలేదు. 'వెళ్లు వెళ్లు, నీలాంటివాళ్లు వందమంది దొరుకుతారు' అనేశారు. 'నీలాంటివాళ్లు' అన్నది ఆ ఇంట్లో ఊరికే పోయే మాట కాదు. ఆరేళ్ల కిందట ఆమె మొదటిసారి వచ్చినప్పుడు మంచినీళ్ల బిందె ముట్టుకోవద్దని కోడలితో చెప్పించింది ఆయనే. ఏడాది తిరక్కుండా ఆమె పోస్తే తప్ప తాగనని పేచీ పెట్టిందీ ఆయనే. అంత దూరం నడిచివచ్చిన మనిషి, ఒక్క మాటతో మళ్లీ మొదటికి పోయానని కుమిలిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆ చేతులు వచ్చి తిప్పాయి. ఆయన సంబరపడి మాట్లాడబోతే జవాబు లేదు. ఇరవై రెండు రోజులు ఆయన రోజుకి నాలుగుసార్లు యంత్రానికి క్షమాపణ చెప్పుకున్నారు.

ఆయన కోడలు హైమ పొద్దున తొమ్మిదింటికి కవరింగ్ నగల కార్ఖానాకి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి వచ్చింది. సువార్తని చూసి ఆమె కళ్లు తుడుచుకుంది.

"యంత్రం మావయ్యా అని ఎన్నిసార్లు చెప్పానక్కా. వినరే. సువార్త అలిగిందని నాతో అనలేక నువ్వు యంత్రమని సర్దిచెబుతున్నావు అంటారు. నాకు చేతులు తెలియవా అంటారు."

అదీ నిజమే. చిలకలపూడి రోల్డుగోల్డు పనిలో అరవై ఏళ్లు మునిగి తేలిన మనిషి ఆయన. రేకు మందం వేలితో తడిమి చెప్పేవారు. కళ్లు పోయాక, పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయాక, లోకమంతా ఆయనకి కుడి అరచేతిలోనే ఉంది. ఆ అరచేతి మీద నమ్మకంతోనే ఆయన మోసపోయారు.

సువార్త ఆయన్ని చూడ్డానికి దుప్పటి తీసింది. వీపు మీద, నడుం దగ్గర, చర్మం ఎర్రగా రేగి ఉంది. ఆరేళ్లలో ఆమె చేతి కింద ఒక్క పుండు లేచిన మనిషి కాదాయన.

"నొప్పిగా ఉందా?"

"నువ్వు కోపంతో తిప్పుతున్నావు కాబోలు, పడాలిలే అనుకున్నాను" అన్నారాయన.

*

ఈ చేతుల సంగతి చెప్పాలంటే ఏడాది వెనక్కి వెళ్లాలి.

మంచం పట్టినవాళ్ల ఇళ్లకి మనిషిని పంపించి ఒళ్లు తుడిపించి, తిప్పించి, తినిపించే సర్కారు పథకం పేరు 'ఇంటితోడు'. బందరులో ఆ పథకం కింద మూడు వందల పన్నెండు ఇళ్లు ఉండేవి, యాభైరెండు మంది ఆడవాళ్లు పనిచేసేవారు. మనిషికి ఆరిళ్లు. చెయ్యగలిగిన పని, చేసిన పని. ఎవరైనా జ్వరం వచ్చి పడుకుంటే మిగతావాళ్లు సర్దుకునేవారు. కొత్తవాళ్లని వెయ్యమని అడిగితే మాత్రం పైనుంచి ఎప్పుడూ ఒకటే జవాబు, చూస్తాం అని.

అప్పుడు విజయవాడ ప్రయోగశాల నుంచి వైదేహి వచ్చింది. ముప్పై రెండేళ్ల పిల్ల, పెద్ద చదువు, మాట మెత్తన. ఉల్లిపొరంత పల్చటి చేతితొడుగులు పట్టుకొచ్చింది. వాటి నిండా వెంట్రుకల్లాంటి తీగెలు. వాటిని తొడుక్కుని పనిచేస్తే ప్రతి వేలూ ఎక్కడ ఎంత నొక్కిందో, ఎటు కదిలిందో అన్నీ రాసుకుంటాయి. "మీ అందరిలో మంచి చెయ్యి ఎవరిది?" అని అడిగితే యాభైఒక్క మందీ సువార్తని చూపించారు. నలభై రోజులు ఆ తొడుగులతోనే ఆరిళ్లూ తిరిగింది సువార్త. "కొత్తగా వచ్చే పిల్లలకి నేర్పడానికి" అని వైదేహి చెప్పింది, చెప్పిన తనూ అదే నమ్మింది. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం మీద సువార్త సంతకం పెట్టింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భర్తతో, నా చేతులు పాఠం అవుతున్నాయి అని గొప్పగా చెప్పుకుంది కూడా.

ఆ పాఠం విని ఎవరూ పనిలో చేరలేదు. నూటఎనభై ఆరు చేతుల బళ్లు దిగాయి. ముప్పై ఒక్కమందికి రేపట్నించి రానక్కర్లేదని ఫోనుల్లో మెసేజ్ వచ్చింది. బండి పట్టని ఇరుకిళ్లకీ మెట్లిళ్లకీ మాత్రం ఇరవై ఒక్కమందిని ఉంచారు, సువార్త వాళ్లలో ఒకతె. ఆచారిగారి గది పెద్దది, నేల నున్నటి సిమెంటు. బండి సుఖంగా పట్టింది.

*

మర్నాడు విజయవాడ బస్సెక్కింది సువార్త. ప్రయోగశాలలో వైదేహి ఆమెని చూసి లేచి నిలబడింది, ఆచారిగారి వీపు సంగతి విని కూర్చుండిపోయింది.

"ఒక్క ఆయనే కాదు సువార్తగారూ. ఇలాంటివి చాలా ఇళ్ల నుంచి వస్తున్నాయి. మీరు చేసినట్టే చేస్తోంది. అదే పట్టు, అదే ఒత్తిడి. ఎందుకో మనుషులు బిగుసుకుపోతున్నారు. బిగుసుకున్న ఒంటిని తిప్పితే చర్మం రేగుతుంది."

"నేను చేసింది చూపించండి, ఒకసారి."

వైదేహి తెర మీద ఒక గీత చూపించింది. ఆచారిగారిని తిప్పిన ఒక ఉదయం అది. చేతులు కదిలినచోట పచ్చగా ఉంది. మధ్య మధ్యలో బూడిదరంగు ముక్కలు.

"ఇవేంటి మేడమ్?"

"ఖాళీ. చేతులు ఏమీ చెయ్యని సమయం. వాటిని తీసేశాం. ముప్పై నాలుగు నిమిషాల పని ఇరవై మూడుకి వచ్చింది."

సువార్త ఆ బూడిదరంగు ముక్కని వేలితో తాకింది. "ఇక్కడ నేను ఆయన భుజం కింద చెయ్యి పెట్టి, తిప్పనా బాబాయిగారూ అని అడిగాను. ఆయన ఊఁ అనేదాకా ఆగాను. ఒక్కోసారి ఊఁ అనే ముందు ఏదో ఒక కబురు చెబుతారు. చెప్పనివ్వాలి. ఊఁ అన్నాక ఒళ్లు వదులవుద్ది. అప్పుడు తిప్పాలి. మీరు అదే కోసేశారు."

వైదేహి తెరని దగ్గరికి లాక్కుంది. ఉల్లిపొర తొడుగులకి వేళ్లున్నాయి, చెవులు లేవు. నలభై రోజులు పక్కనే నిలబడి ఆ మాటలన్నీ విన్న తనకి చెవులున్నాయి. అయినా ఆ ముక్కలు కోసింది తనే.

అక్కణ్ణుంచి తిన్నగా బందరులో ఇంటితోడు ఆఫీసుకి వెళ్లింది సువార్త. జిల్లా అధికారి పట్టాభిగారు మంచి మనిషే అంటారు, పెద్దగొంతు, చిన్న ఓపిక. ఆమె చెప్పిందంతా ఫోను చూసుకుంటూ విన్నారు.

"నా చేతులు నాకిచ్చెయ్యండి సార్" అంది చివరికి.

ఆయనకి నవ్వొచ్చింది. "నీ చేతులు నీకే ఉన్నాయి కదమ్మా, ఎవరు పట్టుకుపోయారు?" బీరువాలోంచి ఆ నాలుగు పేజీల కాగితం తీసి చూపించారు. "సంతకం నీదేనా? చదువుకోకుండా పెట్టావా?"

సువార్త బయటికి వచ్చింది. రికార్డింగు చేసినప్పుడు తను ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చి ఆమెకి తన మీదే అసహ్యం వేసింది. ముప్పై ఒక్క ఇళ్లలో పొయ్యి ఆరడానికి తన చేతులే పనికొచ్చాయి. ఆ ఇళ్లన్నీ ఆమెకి పేరుపేరునా తెలుసు.

*

రెండు నెలలు గడిచాయి. చర్మం రేగినవాళ్ల లెక్క పెరిగింది, ఫిర్యాదులు పై ఊళ్లకి వెళ్లాయి. పట్టాభిగారి దగ్గర్నుంచి సువార్తకి కబురొచ్చింది. రెండో విడత రికార్డింగు చెయ్యాలట, ఈసారి ఇంకా జాగ్రత్తగా చేసి చూపించాలట.

"చెయ్యనని చెప్పెయ్యక్కా" అంది రమీజా. పని పోయిన ముప్పై ఒక్కమందిలో ఆమె ఒకతె. "పుండు పడితే పడనీ. వాళ్లకే తెలిసొస్తుంది."

"పుండు వాళ్లకి పడదు రమీజా. బాబాయిగారికి పడుద్ది."

ఆ ఆదివారం సువార్త ఆచారిగారి దగ్గరికి వెళ్లింది. బండిని హాల్లోకి నెట్టేసి, ఆయన్ని తనే తిప్పి కూచోబెట్టి, కాఫీ తాగిస్తూ సంగతంతా చెప్పింది. మాట యంత్రానికి వినపడదు, ఆగడం దానికి ఖాళీగా కనపడుద్ది, ఇంక ఎలా నేర్పను, అంది.

ఆచారిగారు ఆలోచనలో పడ్డారు. పెదాల మీద కాఫీ నురగ అలాగే ఉంది. కాసేపటికి అడిగారు. "నోట్లో ఊదుగొట్టం ఉన్నప్పుడు మాట్లాడ్డం ఎలాగో తెలుసా నీకు?"

"తెలీదండి."

"కుంపటి ముందు నేను, ఎదురుగా మా తమ్ముడు. టంకం పెట్టాలంటే నేను ఊదాలి, వాడు పటకారుతో వస్తువు పట్టుకోవాలి. నా నోట్లో గొట్టం, ఇంక మాటెక్కడిది? వాడు సిద్ధంగా లేకుండా ఊదితే వేళ్లు కాలిపోతాయి. అందుకని ఎడంచేతి వేలితో వాడి చేతిమీద రెండుసార్లు తట్టేవాణ్ణి. వాడు తిరిగి నొక్కితేనే మంట. నొక్కకపోతే, ఎంతసేపైనా సరే, ఊదేది లేదు. మా కార్ఖానాలో అందరం అంతే. అరవై ఏళ్లలో ఒక్కడి వేలు కాల్లేదు."

ఆయన కుడిచెయ్యి చాచారు. సువార్త ఆ అరచేతిలో చెయ్యి పెట్టింది. ఆయన వేలితో ఆమె మణికట్టు మీద రెండుసార్లు తట్టి ఆగారు. ఆమె నొక్కింది.

"ఇది మాట కాదు అమ్మాయ్. ఇది కదలికే" అన్నారాయన. "మీ యంత్రం దీన్ని కొయ్యగలదేమో కనుక్కో."

*

సువార్త రికార్డింగుకి ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఈసారి తన చేతులొక్కటే చాలవు, యాభైరెండు మంది చేతులూ రికార్డు చెయ్యాలి. పని పోయినవాళ్లవి కూడా. ఎక్కువ చేతులుంటే యంత్రం ఇంకా బాగా నేర్చుకుంటుందని వైదేహి కూడా అనేసరికి పట్టాభిగారికి సంతోషం వేసింది. ఇంత సులువుగా దారికొస్తారని ఆయన అనుకోలేదు.

రమీజాది ముత్యాల్లాంటి దస్తూరీ. తెల్లకాగితం మీద తెలుగులో పది పంక్తులు రాసింది. మా చేతులు మేము ఇస్తున్నాం, ఉన్నదున్నట్టుగా వాడుకోవాలి, ఏ ముక్కా కొయ్యకూడదు. ఏ ముక్క కోసినా, ఇవీ, ముందు సువార్త దగ్గర తీసుకున్నవీ అన్నీ మాకు వాపసు ఇచ్చెయ్యాలి, ఆ తర్వాత ఏ యంత్రంలోనూ వాడకూడదు. కింద యాభైరెండు సంతకాలు. పట్టాభిగారు ఆ కాగితాన్ని తిప్పి చూశారు. ఇంగ్లీషులో లేదు, టైపు చేసి లేదు, పైన స్టాంపు లేదు. ఆడవాళ్ల అర్జీ అనుకున్నారు కాబోలు, కింద సంతకం గీకి, ముద్ర కొట్టించి వైదేహికి పంపేశారు.

పన్నెండు రోజులు రికార్డింగు నడిచింది. మొదటి రోజునే వైదేహి కనిపెట్టింది. ప్రతి మనిషీ మంచంలో ఉన్నవాళ్ల అరచేతిలో చెయ్యి పెట్టి రెండుసార్లు తడుతోంది. అవతలి చెయ్యి నొక్కితే గానీ ముందుకి కదలడం లేదు. తుడిచే ముందు తట్టు, ఎత్తే ముందు తట్టు, బట్ట తీసే ముందు తట్టు.

వైదేహి ఆచారిగారి వరండాలో సువార్తని పక్కకి పిలిచింది. "ఇది యంత్రానికి ఖాళీలా కనపడదు సువార్తగారూ. తట్టాక నొక్కు వస్తేనే తర్వాత కదలిక అని నేర్చేసుకుంటుంది. యాభైరెండు మందీ ఇలాగే చేస్తే దానికి ఇంకో దారి తెలియదు. వాళ్లు నొక్కకపోతే?"

"నొక్కకపోతే నేను తిప్పను."

"యంత్రం కూడా తిప్పదు."

"మంచిదేగా మేడమ్."

"మరి నొక్కే శక్తి లేనివాళ్లు?"

"వాళ్ల దగ్గరికి మనిషి వెళ్లాలి. మొదట్నించీ మేము చెప్పేది అదేగా."

వైదేహి రెయిలింగు పట్టుకుని వీధిలోకి చూస్తూ అడిగింది. "పట్టాభిగారు అడిగితే ఏం చెప్పాలి?"

"ఉన్నదే చెప్పండి. ఆయన అడిగితే."

ఆయన అడగలేదు. వైదేహి తన వంతుగా ఒకటి మాత్రం చేర్చింది. మూడుసార్లు తట్టినా నొక్కు రాకపోతే బండి వెనక్కి తగ్గి, వీధి చివరిదాకా వినపడేలా గంట కొడుతుంది.

కొత్త బుద్ధి పోసుకున్న బళ్లు సోమవారం మొదలవుతాయన్నారు. శని ఆదివారాలు యాభైరెండు మందీ నూటఎనభై ఆరు ఇళ్లు తిరిగారు. ప్రతి మంచం దగ్గరా ఒకటే చెప్పారు. అది తడుతుంది. మీకు ఇష్టమైతే నొక్కండి. మనిషి కావాలంటే నొక్కకండి, గంట మోగగానే మేము వస్తాం.

ఆదివారం పొద్దుగూకేవేళ సువార్త ఇంటికి వచ్చి కూలబడింది. ఎవరైనా సమయానికి చేరలేకపోతే ఒక ముసలి ప్రాణం తడిబట్టల మీద పడి ఉంటుంది, ఆ పాపం తనదే. తన ఉద్యోగమూ పోతుంది, ఇల్లు నడిచేది దానితోనే. ఇవన్నీ ఆమె అనుకుంది. అనుకుని, లేచి అన్నం వండుకుంది.

*

సోమవారం పొద్దున ఏడింటికి ఆచారిగారి ఇంటిముందు రెండు కార్లు ఆగాయి. కొత్త బండి పనితనం చూడ్డానికి పైనుంచి పెద్దధికారి వచ్చారు. తెల్లజుట్టు, తక్కువ మాటలు. పట్టాభిగారు ఇస్త్రీ చొక్కాతో ముందు నడిచారు. వైదేహి లాప్‌టాప్ పట్టుకుని వెనక వచ్చింది. ఆ రోజు హైమ కార్ఖానాకి సెలవు పెట్టింది.

బండి మూలనుంచి కదిలి మంచం దగ్గరికి వచ్చింది. చెయ్యి చాచి ఆచారిగారి అరచేతిలో పెట్టింది. రెండుసార్లు తట్టింది.

ఆచారిగారు కదల్లేదు.

బండి ఆగింది. మళ్లీ తట్టింది.

"నొక్కండి ఆచారిగారూ" అన్నారు పట్టాభిగారు, నవ్వు మొహంతోనే.

"నొక్కను" అన్నారాయన.

"ఏమీ చెయ్యదండీ. చాలా మెత్తగా తిప్పుతుంది."

"తెలుసు. బాగా నేర్పారు, కిందటిసారి కంటే మర్యాదస్థురాలు. అడుగుతోంది చూడండి. అడిగింది కాబట్టి జవాబు చెబుతున్నాను. వద్దు."

మూడోసారి తట్టి, బండి రెండడుగులు వెనక్కి వేసి గంట మోగించింది. హైమ చెవులు మూసుకుంది. ఆ గంట ఆగకముందే పక్కవీధిలో ఇంకోటి మోగింది. దాని వెనక మరోటి. చిలకలపూడి నుంచి ఇనుగుదురుపేట దాకా బందరంతా గంటలే. పట్టాభిగారి ఫోనూ మోగింది. అవతల ఆఫీసువాళ్లు అరుస్తున్నది గదిలో అందరికీ వినిపించింది. నూటడెబ్భై ఇళ్ల పైన గంటలు మోగుతున్నాయి సార్, పంపడానికి మనుషుల్లేరు సార్.

"జనం మంచాల్లో ఉన్నారయ్యా" అన్నారు పెద్దధికారి. ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఎవరూ వెళ్లకపోతే ఎలా?"

"వెళ్లారండి" అంది సువార్త.

వరండాలో చెప్పులు విడిచి లోపలికి వస్తోంది. ఒక్కో గంటా ఆగిపోవడం కూడా ఇప్పుడు వినపడుతోంది.

"ఎవరు వెళ్లారు?" అని అడిగారాయన.

"మీరు తీసేసినవాళ్లు. తలుపు కొట్టకుండా వెళ్లలేదండి, పిలిస్తేనే వెళ్లారు. నేను నా ఇళ్లు రమీజాని చూడమని ఇటొచ్చాను."

పట్టాభిగారికి మొహం కందిపోయింది. "నీ డ్యూటీ ఇక్కడ కాదు. సస్పెండ్ చేస్తాను తెలుసా? ఈ తట్టడం గిట్టడం అంతా సాయంత్రానికి పీకించేస్తా. వైదేహీ, పాతది ఎక్కించు మళ్లీ."

వైదేహి లాప్‌టాప్ మూసి, దాని కింద నుంచి ఒక తెల్లకాగితం తీసి పెద్దధికారికి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని పది పంక్తులూ చదివారు. చదివాక పట్టాభిగారి చేతికిచ్చారు. పట్టాభిగారు ఆ కాగితం చదవడం అదే మొదటిసారి.

"ముక్క కోస్తే పాతవీ కొత్తవీ అన్నీ వెనక్కి ఇచ్చెయ్యాలి" అన్నారు పెద్దధికారి. "అంటే బళ్లకి ఇంక చేతులే ఉండవు. సంతకం నీదేనా?"

"నాదే సర్. కానీ అది..."

"చదవకుండా పెట్టావా?"

పట్టాభిగారు తలొంచుకున్నారు. సువార్తకి ఒక్క క్షణం ఆయన్ని చూసి జాలి కూడా వేసింది. "నేనూ అంతేనండి, మొదటిసారి" అంది.

ఊళ్లో గంటలు ఒకటొకటే ఆగుతున్నాయి. ఈ గదిలోది మాత్రం ఇంకా మోగుతూనే ఉంది.

"సస్పెన్షన్ కాగితం తర్వాత ఇవ్వండి సార్" అంది సువార్త చీరకొంగు నడుం చుట్టూ దోపుకుంటూ. "బాబాయిగారిని తిప్పే వేళ దాటిపోతోంది."

బండిని పక్కకి నెట్టింది. గంట ఆగింది. మంచం అంచున కూర్చుని ఆయన అరచేతిలో తన వంకరవేలి చెయ్యి పెట్టింది.

"ఎవరు?" అన్నారు ఆచారిగారు, తెలిసీ.

"నీలాంటివాళ్లు వందమంది దొరుకుతారు అన్నారే, ఆ వందలో ఒకతెనండి."

ఆయన ఏదో చెప్పబోయి చెప్పలేకపోయారు. అప్పట్లో యంత్రానికి ఇరవై రెండు రోజులు చెప్పుకున్న మాట, ఇప్పుడు చెప్పాల్సిన మనిషికే చెప్పడానికి గొంతు రావడం లేదు. సువార్తకి అది తెలుసు. ఆమె తొందరపెట్టలేదు. రెండుసార్లు తట్టి ఆగింది.

హైమ గోడకి ఆనుకుని నిలబడింది. పెద్దధికారి గడియారం వంక చూశారు, తర్వాత మంచం వంక చూశారు. నిమిషం అయింది. ఇంకో నిమిషం అయింది. వీధిలో డ్రైవరు కారు స్టార్టు చేసి, మళ్లీ ఆపేశాడు.

"ఇంకెంతసేపమ్మా?" అని అడిగారు పెద్దధికారి, ఈసారి గొంతు తగ్గించి.

సువార్త తల తిప్పలేదు.

"ఆయన నొక్కేదాకా."